న్యూజెర్సీ బీచ్‌లలో ఒకప్పుడు సొరచేప మనుషుల్ని చంపిందట, నిజమేనా? అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

వేసవికి అమ్మానాన్నలు వస్తున్నారని, బీచ్ ప్లాన్ వేసుకున్నాక ఎవరో 1916 నాటి కథ చెప్పి టెన్షన్ పెట్టారని మీరు రాశారు. కథ నిజమే. తీసుకెళ్లండి, అదీ నిజమే.

నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మా అమ్మ వచ్చినప్పుడు కూడా సరిగ్గా ఇదే జరిగింది. మా ఇంట్లో కథ చెప్పి భయపెట్టింది బావగారు. అమ్మది భీమవరం దగ్గర పల్లెటూరు. అంతా విని, "సొరంటే బాలింతలకు పిట్టు చేసి పెట్టేదే కదరా? అది మనుషుల్ని తినడమేంటి?" అంది.

నవ్వకండి. 1916లో ఇక్కడి చదువుకున్నవాళ్లు నమ్మిందీ ఇంచుమించు అదే. 1891లో హెర్మన్ ఓల్‌రిక్స్ అనే కోటీశ్వరుడు న్యూయార్క్ పేపర్లో ఒక పందెం వేశాడు. నార్త్ కరోలినాలోని కేప్ హాటెరాస్‌కు ఉత్తరాన ఉన్న తీరంలో సొర మనిషిని కరిచిందని రుజువు చేస్తే 500 డాలర్లు ఇస్తానన్నాడు. పాతికేళ్లయినా ఆ డబ్బు ఎవరూ పట్టుకెళ్లలేదు. దాంతో ఈ చల్లటి నీళ్లలో సొర వల్ల భయమేమీ లేదని అందరికీ ధీమా.

1916 వేసవిలో న్యూయార్క్‌లో ఒకపక్క ఎండలు, మరోపక్క పోలియో. వీలున్నవాళ్లంతా న్యూజెర్సీ తీరానికి తరలివచ్చారు. జులై 1 సాయంత్రం బీచ్ హేవెన్‌లో చార్లెస్ వాన్సంట్ అనే ఫిలడెల్ఫియా కుర్రాడు ఈతకు దిగి, నీళ్లలో ఒక కుక్కతో ఆడుకుంటున్నాడు. అతను అరుస్తుంటే కుక్కను పిలుస్తున్నాడనుకున్నారు ఒడ్డునున్నవాళ్లు. లైఫ్‌గార్డ్ వెళ్లి లాక్కొచ్చేసరికి తొడ చీలిపోయి ఉంది. హోటల్లో మేనేజర్ బల్ల మీద పడుకోబెడితే అక్కడే రక్తం పోయి చనిపోయాడు. అయినా బీచ్‌లు మూయలేదు.

జులై 6న దానికి ఉత్తరాన 45 మైళ్ల దూరంలో స్ప్రింగ్ లేక్‌లో రెండోది. చార్లెస్ బ్రూడర్ అక్కడి హోటల్లో పనిచేసే స్విస్ యువకుడు. ఒడ్డు నుంచి చూస్తున్న ఒకావిడ, ఎర్ర పడవ తిరగబడిందని లైఫ్‌గార్డులకు చెప్పింది. వాళ్లు పడవేసుకుని వెళ్లారు. ఎర్రగా కనిపించింది రక్తం. అతని కాళ్లు తెగిపోయి ఉన్నాయి, ఒడ్డుకు చేరేలోపే ప్రాణం పోయింది. అప్పుడు గాని ఆస్‌బరీ పార్క్ లాంటి తీరపు ఊళ్లలో స్నానాల రేవుల చుట్టూ ఇనుప వలలు కట్టి, మోటారు పడవలతో కాపలా పెట్టలేదు. న్యూయార్క్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం డైరెక్టర్ ఫ్రెడరిక్ లూకస్ అయితే, మనిషి కాలి ఎముకను కొరికే బలం సొరకు లేదనే అంటుండేవాడు.

అందరూ సముద్రం వైపు చూస్తుంటే మూడోసారి జరిగింది సముద్రంలో కాదు. మటవాన్ అనే ఊళ్లో, వాగులో. అది మా ఇంటి నుంచి అరగంట డ్రైవ్. అమ్మను ఒక ఆదివారం తీసుకెళ్లాను. గట్టున నిలబడి, రెల్లు మధ్య కదలని గోధుమరంగు నీళ్లు, అంచున బురద, ఆ ఉప్పు వాసన చూసి, "ఇది మన ఉప్పుటేరేరా" అంది. నిజంగా అంతే. రారిటన్ బే అనే అఖాతం నుంచి పోటుకు ఉప్పునీరు ఎక్కుతుంది, ఆటుకు దిగుతుంది. ఇందులోకి అంత చేప వస్తుందంటే నేనూ నమ్మను.

ఆ జులై 12న కూడా ఎవరూ నమ్మలేదు. థామస్ కాట్రెల్ అనే రిటైరైన ఓడ కెప్టెన్ వాగులో సొరను చూసి ఊళ్లోకి పరుగెత్తి చెప్తే నవ్వారట. కాసేపటికే, ఈతకొట్టే పిల్లల్లోంచి లెస్టర్ స్టిల్‌వెల్ నీళ్లలోకి లాగబడ్డాడు. మిగతా పిల్లలు ఒంటిమీద బట్టల్లేకుండానే ఊళ్లోకి పరుగెత్తారు. లెస్టర్‌కు మూర్ఛ ఉండేది కాబట్టి, మూర్ఛ వచ్చి మునిగాడనుకున్నారు పెద్దలు. వెతకడానికి దిగినవాళ్లలో 24 ఏళ్ల స్టాన్లీ ఫిషర్ ఒకడు, ఊళ్లో దర్జీ దుకాణం అతనిది. అందరి కళ్లముందే సొర అతని తొడ పట్టుకుంది. రైల్లో ఆసుపత్రికి తీసుకెళ్లినా బతకలేదు. అరగంట తర్వాత, వాగులో కిందివైపున జోసెఫ్ డన్ అనే పిల్లాడి కాలు పట్టుకుంటే, అన్న, స్నేహితుడు కలిసి లాగి రక్షించారు. మొత్తం ఐదుగురిలో బతికింది అతనొక్కడే. ఊరివాళ్లు వాగులో డైనమైట్ పేల్చారు. లెస్టర్ శవం రెండు రోజులకు దొరికింది. అతనూ ఫిషరూ అదే ఊళ్లో రోజ్ హిల్ శ్మశానంలో ఉన్నారు.

జులై 14న రారిటన్ బేలో మైకేల్ ష్లైసర్ అనే అతను ఏడున్నర అడుగుల సొరను పట్టి, విరిగిన తెడ్డుతో కొట్టి చంపాడు. చచ్చిన జంతువుల చర్మంలో గడ్డి కూరి బొమ్మలు చేయడం అతని వృత్తి. దాని కడుపులో మనిషివనిపించే ఎముకలు, మాంసం దొరికాయి. మ్యూజియం వాళ్లు చూసి గ్రేట్ వైట్ అనే జాతి సొర అన్నారు. ఆ వేసవిలో మళ్లీ ఎవరినీ కరవలేదు. కానీ గ్రేట్ వైట్ అంత లోపలికి, వాగులోకి వస్తుందా అని ఇప్పటికీ వాదన. మంచినీళ్లలో కూడా తిరగగలిగేది బుల్ షార్క్, కాబట్టి రెండు వేరువేరు సొరలని కొందరంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇక మీ ప్రయాణం సంగతి. ఇక్కడ సొర కంటే రిప్ కరెంట్‌కే, అంటే ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహానికే, ఎక్కువ భయపడాలి. మా బావగారు, అవును, ఆ కథ చెప్పినాయనే, నడుముల్లోతులో నిలబడి ఫొటోకు చెయ్యి ఊపుతూ ఊపుతూ, నిమిషంలో లోపలికి జారిపోయారు. లైఫ్‌గార్డ్ విజిల్ మీద విజిల్. ఆయన సరదాగా ఊపుతున్నారనుకుని మేం తిరిగి చేతులు ఊపాం. ఆ లైఫ్‌గార్డ్ అమ్మాయే దూకి ఆయన్ని తెచ్చింది. అలా లాగితే ఒడ్డుకు ఎదురీదకండి, తీరం వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి. లైఫ్‌గార్డులు ఉన్న వేళల్లోనే దిగండి. చిన్న చేపల గుంపు నల్లగా కదులుతున్నా, పక్షులు నీళ్లలోకి దూకుతున్నా, పక్కన గాలాలు వేస్తున్నా అక్కడ వద్దు. పొద్దుగూకాక అసలే వద్దు.

చాలా బీచ్‌లకు బ్యాడ్జ్, అంటే లోపలికి వెళ్లే టికెట్, కొనాలి, ముందే చెప్పి ఉంచండి. మా అమ్మ గేటు దగ్గర "సముద్రానికి టికెట్టేంట్రా?" అని ఆగిపోయింది. తర్వాత చీర కొంగు దోపుకుని, మోకాళ్ల లోతులో కూర్చుని మూడు మునకలు వేసి, ఒక నీళ్ల సీసా నింపుకుని వచ్చింది. ఆ సీసా ఇప్పటికీ మా పూజ గదిలో ఉంది.