శనివారం గోల్కొండ ఎక్కి, ఆదివారం హైదరాబాద్ మారథాన్‌ ముప్పయ్యో కిలోమీటరులో తొడలు పట్టేశాయంటే

కారణం ట్రైనింగ్ కాదు, మెట్లు. ఎక్కడం కన్నా దిగడమే చేటు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు మోస్తాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు, మర్నాటికి బయటపడుతుంది. అంటే సరిగ్గా రేసు రోజున.

ఈసారి ఇలా చేయండి:

1. గోల్కొండ, చార్మినార్ రేసు తర్వాతి రోజులకు పెట్టుకోండి. సోమవారం మెట్లు దిగుతూ మీరే నవ్వుకుంటారు, అది వేరే సంగతి.

2. బిబ్ (చొక్కాకు పెట్టుకునే రేసు నంబరు) శుక్రవారమే తెచ్చేసుకోండి. అది ఇచ్చే ఎక్స్‌పోలో స్టాల్ స్టాల్‌కీ తిరిగితే తెలియకుండానే గంటలు నిలబడిపోతాం.

3. చాలామంది వదిలేసేది ఇదే: శుక్రవారం రాత్రి నిద్ర. శనివారం రాత్రి టెన్షన్‌తో ఎలాగూ సరిగా పట్టదు. ముందురోజు నిండా పడుకుంటే ఆ లోటు పెద్దగా తెలియదు. పిల్లలతో ఊరు చేరేది శుక్రవారం అర్ధరాత్రి అయితే టికెట్ మార్చండి.

4. శనివారం ఇంట్లోవాళ్లు ఊరుకోరు కదా, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి బోటు ఎక్కించండి. మీరు కూర్చునే ఉంటారు. స్టార్ట్ ఉండే నెక్లెస్ రోడ్డూ పక్కనే.

5. బిర్యానీ మధ్యాహ్నమే, మిర్చీ కా సాలన్ లేకుండా. రాత్రికి పెరుగన్నం.