గూట్లో తాళంచెవి వేయబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఖాళీ పిట్టగూటిలో తాళంచెవి పెట్టి రంగు పెన్సిళ్లతో బొమ్మ వేస్తానన్నావు. ఊహ బాగుంది. ఇక దానికి గడియారం, ఈకలు, ఎండుటాకులు తగిలించకు. రెండే వస్తువులుంటే చూసేవాళ్లు వాటి మధ్య సంబంధం వెతుక్కుంటారు. ఐదుంటే లెక్కపెట్టి వదిలేస్తారు.

పెన్సిల్ పట్టకముందే ఒకటి తేల్చుకో: ఆ తాళంచెవి మెరుస్తోందా, తుప్పు పట్టిందా? మెరిస్తే ఎవరో తిరిగొస్తారు. తుప్పు పడితే ఇక రారు. బొమ్మలోని రంగులన్నీ దీన్నిబట్టే నడుస్తాయి.

మెరవాలంటే ఆ మెరుపు కాగితపు తెలుపులోంచే రావాలి. ముదురు రంగు మీద తెల్ల పెన్సిల్ రుద్దితే పాలిపోయిన మసక తేలుతుంది, అంతే. అందుకే అగ్గిపెట్టెంత చిత్తుబొమ్మలు నాలుగైదు వేసి, తెలుపు ఎక్కడ మిగలాలో ముందే గుర్తుపెట్టుకో. చెవి అంచున సన్నటి తెల్లగీత కావాలంటే ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో అక్కడ నొక్కి గీయి. తర్వాత పెన్సిల్‌ని పక్కకు వాల్చి రంగు వేస్తే ఆ గాడిలోకి దిగదు.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందం) హాట్ ప్రెస్, అంటే వేడితో నొక్కి నునుపు చేసిన రకం తీసుకో. అందులోనూ మరీ నున్నటిదైతే కొద్ది పొరలకే రంగు పట్టడం మానేస్తుంది. మామూలు పెన్సిల్‌తో గీసిన రేఖల్ని పిండిలా సాగే మెత్తటి నీడెడ్ ఎరేజర్‌తో అద్ది, కనీకనిపించనంతగా తగ్గించు. లేకపోతే ఆ నలుపు పసుపులో కలిసి మురికి ఆకుపచ్చగా మారుతుంది.

గూడు దగ్గరే చాలామంది తడబడతారు, పుల్లలు ఒక్కొక్కటీ గీయబోయి. పుల్లలు కాదు, వాటి మధ్య సందులు వెయ్యి. చెక్కిన మొనతో ఇండిగో (ముదురు నీలం), దాని మీద ముదురు గోధుమ, మళ్లీ ఇండిగో. నల్ల పెన్సిల్ ఒక్కటే వాడితే అక్కడ చిల్లు పడ్డట్టు ఉంటుంది. సందులు చీకటిపడేకొద్దీ పుల్లలు వాటంతటవే పైకి తేలతాయి. అప్పుడు వాటికి లేత ఓకర్ (మట్టి పసుపు) ఒక పొర, కింది అంచున ఊదా నీడ చాలు.

తాళంచెవికి ముందు క్రీమ్ రంగు, ఆ పైన ఓకర్, వంపుల్లో గోధుమ. చేతి బరువు మాత్రమే పడేలా ఆరేడు పొరలు వెయ్యి. గట్టిగా నొక్కి మెరుగుపెట్టడం అన్నిటికంటే చివర. తొందరపడి ముందే నొక్కితే కాగితం గరుకు చచ్చిపోతుంది, ఆ తర్వాత రంగు జారిపోతుందే తప్ప అంటదు. ఇది జరిగాక సరిదిద్దడం చాలా కష్టం, అందుకే ఇంతగా చెబుతున్నాను.

చేతి కింద ఎప్పుడూ ఒక శుభ్రమైన కాగితం ఉంచు. రాలిన పొడిని మెత్తటి బ్రష్‌తో తుడువు, ఊదకు. తుంపర పడితే మరక మిగులుతుంది.

మైనం పెన్సిళ్లయితే కొన్నాళ్లకు ముదురు భాగాల మీద తెల్లటి పొర తేలొచ్చు. రంగు పాడైందని కంగారుపడకు, మైనమే పైకి వచ్చింది. మెత్తటి గుడ్డతో సుతారంగా తుడిచి, ఫిక్సేటివ్ (రంగును పట్టి ఉంచే స్ప్రే) పలచగా రెండుసార్లు కొట్టు. ఊదా, గులాబీ రంగుల్లో వెలిసిపోయేవి ఎక్కువ. ఆ నీడకు వాడబోయే ఊదాని ఒక చీటీ మీద పూసి, సగం కప్పి, ఎండ తగిలే కిటికీకి ఇవాళే అంటించు, వెలిసేదో కాదో తెలుస్తుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ