పాపా, చెత్త బండి కాగితం మీద అప్పుడే సంతకం పెట్టొద్దు

పాపా,

నువ్వు నంద్యాల రోడ్డులో ఫంక్షన్ హాలు లీజుకు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా తర్వాత మన ఇంట్లో ఈ పనిలోకి ఎవరూ రారనుకున్నా, నువ్వు వచ్చావు. ఆ సంతోషంలో ఉండగానే మీ అమ్మ 'చెత్తకు పెద్ద తొట్టి, రోజూ బండి, నెలకింత అని మాట్లాడుకుంటోంది' అనింది. అప్పటి నుంచి నాకు కుదురు లేదు.

వంటవాళ్లు, జనరేటరు, డెకరేషన్ సంగతి నీకే బాగా తెలుసు. ఈ ఒక్కటి విను.

నేను కడపలో హాలు పెట్టిన మొదటి మాఘమాసం, ఒకే వారంలో 5 పెళ్లిళ్లు. మూడో పెళ్లికే వెనక గోడ పక్కన ఎంగిలి ఆకుల గుట్ట నడుమెత్తు లేచింది, దాని మీద కుక్కలు, పందులు. పెళ్లికూతురి నాయన ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని నా వైపు ఒక చూపు చూశాడు. ఆ తలవంపు తట్టుకోలేక మర్నాడే ఒక ప్రైవేటు బండివాళ్లతో ఏడాదికి రాసుకున్నా. మినీ లారీ అంత ఇనుప తొట్టి, రోజుకో ట్రిప్పు. కాగితం మొదటి పేజీ చదివాను, రెండోది తిప్పలేదు. ఆషాఢం వచ్చింది, దానికి తోడు మూఢం. హాలుకు తాళం, తొట్టిలో రెండు అట్టపెట్టెలు, వాడిపోయిన దండలు. బండి మాత్రం రోజూ వచ్చేది, తొట్టి ఎత్తి దించి పోయేది. ఆ నెల 30 ట్రిప్పులకు కట్టా, తొట్టి ఒక్కసారీ నిండలేదు. ఇంకోటి, తొట్టికి మూత లేదు. శ్రావణం పెళ్లిళ్లలో వాన పడి ఆకులు నీళ్లు తాగాయి, బరువు మించిందని అదనం రాశారు. వాననీళ్లు మోయించడానికి డబ్బులు కట్టిన మొనగాణ్ని నేను. ఏడాది అయిపోయింది కదా, వదిలిందిలే అనుకుంటే, గడువుకు 60 రోజుల ముందే వద్దని రాసివ్వలేదు కాబట్టి ఇంకో ఏడాది సాగుతుందన్నారు. అది ఆ రెండో పేజీలో ఉంది. 'మన పిల్లల కంటే ఆ తొట్టినే బాగా మేపావు' అని మీ చిన్నమ్మ ఇప్పటికీ అంటుంది.

కాబట్టి నువ్వు ముందు తూకం వెయ్యి. ముహూర్తాలున్న రెండు వారాలు, లేని రెండు వారాలు, రోజూ ఎంత వచ్చిందో, బండి వచ్చేసరికి డబ్బా ఎంతవరకు నిండిందో గోడ క్యాలెండరు మీదే రాయి. సగం డబ్బాతోనే బండి పోతోందంటే ట్రిప్పులు ఎక్కువైనట్టు, లేదా డబ్బా పెద్దదైనట్టు. తడిచెత్త మన ఎండలకు ఒక్క పూట ఆగదు, అది రోజూ పోవాల్సిందే, కానీ చిన్న డబ్బాల్లో. 240 లీటర్ల డబ్బా నిండా అన్నం, ఆకులు వేశావంటే 100 కిలోలు దాటుతుంది, దాన్ని ర్యాంపు మీద నెట్టేది ఆడమనుషులే కదా! 120 లీటర్లవి తీసుకో, మూతలు, చక్రాలు ఉన్నవి. పొడిచెత్త వారం ఆగినా ఏం కాదు. అట్టపెట్టెలు విప్పి చదును చేయించు, మడవని పెట్టెలతో నిండిన డబ్బాలో సగం గాలే. నీళ్ల సీసాలు సగం తాగి వదిలేస్తారు, పారబోశాకే సంచిలో వెయ్యమను. ఈ రెండూ గుజిరీ అంగడివాడే వచ్చి డబ్బులిచ్చి తీసుకుపోతాడు. మిగిలిన అన్నం ఎవరూ చెయ్యి పెట్టకముందే ఆకలిగా ఉన్నవాళ్లకు పంపు. వాడిన నూనె కాలవలో పోయనీకు, బయోడీజిల్‌కు కొనేవాళ్లున్నారు. రోజుకు సగటున 100 కిలోలు దాటితే 'బల్కు', అంటే భారీగా చెత్త వచ్చే చోట్ల లెక్కలోకి వస్తావు, ఆ రూల్స్ వేరే. క్యాలెండరు మీద రాసిన తూకం లెక్క అప్పుడూ పనికొస్తుంది.

ఒప్పందం మామూలు రోజులకు చేసుకో. ముహూర్తాలకు ట్రిప్పుకింత అని విడిగా రాయించు. పంచాంగం ముందే ఉంటుంది కదా, బుకింగు పుస్తకం పక్కన పెట్టుకుని తేదీలు బండివాడికి నెల ముందే ఇవ్వు. ట్రిప్పులు తగ్గించమంటే వాడు ఒప్పుకోవాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలో కాగితం మీద ఉండాలి. రెండో పేజీ నాకు ఫోటో తీసి పంపు.

డబ్బుల సంగతి సరే, నాకు ఇప్పటికీ కలలోకొచ్చేది గాజు పెంకు. మా హాల్లో ఆకులు ఎత్తే పనమ్మాయి అరచేయి పగిలిన గ్లాసుకు తెగింది, 7 కుట్లు. అది అన్నంలో కలిసిపోయి కనిపించలేదు. నేను అప్పుడు లెక్కల దగ్గర కూర్చుని ట్రిప్పులు లెక్కపెట్టుకుంటున్నా. ఆ అమ్మాయి మళ్లీ పనికి రాలేదు, వాళ్ల ఇంటికి వెళ్లాను, ఏం మాట్లాడాలో తెలియలేదు. పగిలినవాటికి వంటింటి తలుపు దగ్గరే మందపాటి డబ్బా పెట్టు, ఎరుపు రంగు వేయించు. మందపాటి గ్లౌజులు కొను. ఇక్కడ మాత్రం పైసా మిగిల్చావంటే ఊరుకోను.

రాత్రి 12 గంటలకు హాలు కడిగించేటప్పుడు ఒక్కదానివే ఉండొద్దు. తిన్నావా లేదా అని మీ అమ్మ అడిగితే విసుక్కోవద్దు, ఆమెకు చెప్పలేనంత గర్వంగా ఉంది, నాకు చెప్పింది.

నా పాత కొక్కెం త్రాసు బస్సులో పంపిస్తున్నా. అరకిలో ఎక్కువ చూపిస్తుంది, తీసేసి రాసుకో.

మీ చిన్నాయన