రూటర్ కొంటున్న చిట్టితల్లికి

చిట్టితల్లికి చిన్నాన్న ఆశీస్సులు.

విజయనగరంలో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నావని, ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పబోతున్నావని మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. ఒక ఉద్యోగం కోసం ఎదురుచూడకుండా నీ పని నువ్వే కల్పించుకున్నావు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ మాటలోనే, చవకగా ఒక వైఫై రూటర్ కొనుక్కుంటున్నావని కూడా అన్నాడు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. అందుకే ఈ ఉత్తరం.

చవకది కొనడంలో తప్పేమీ లేదు. రెండు వేల లోపు దొరికే పెట్టెతో నీ పాఠాలు నిక్షేపంగా సాగుతాయి. అయితే ముందు ఫైబర్ కనెక్షన్ ఇచ్చేవాళ్లను అడుగు, వాళ్లు బిగించే పెట్టెలోనే వైఫై ఉందా అని. చాలాసార్లు ఉంటుంది. అది గదులన్నిటికీ అందితే కొనే పనే లేదు. కొనాల్సి వస్తే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండూ ఉన్నదే తీసుకో. మొదటిది గోడలు దాటి దూరం పోతుంది, రెండోది వేగం ఎక్కువ, కానీ గోడ అడ్డొస్తే తగ్గిపోతుంది. డబ్బా మీద ఏసీ1200 అని ఉంటే అంత వేగం వస్తుందని మురిసిపోకు. అది రెండు బ్యాండ్ల గరిష్ఠ వేగాలను కూడి వేసిన అంకె. ఏడీఎస్ఎల్ అని రాసి ఉన్నది ఊరికే ఇచ్చినా వద్దు, అది పాత టెలిఫోన్ తీగకు పనికొచ్చేది. ఇనుప బీరువా వెనక పెట్టకు. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చు.

ఇవన్నీ నువ్వు నాకంటే బాగా తెలుసుకోగలవు. నేను చెప్పాల్సింది పిడుగు సంగతి.

మీరు నరసన్నపేటలో ఉన్న రోజులు నీకు లీలగా అయినా గుర్తుండవు. అక్క చదువు కోసం మీ నాన్న సొసైటీలో అప్పు తీసుకుని కంప్యూటర్ కొన్నాడు. టెలిఫోన్ లైను మీదే బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాడు. వేసవిలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. మీ నాన్న ఎంత జాగ్రత్తపరుడో తెలుసు కదా, ఉరుము వినగానే వెళ్లి స్విచ్చులన్నీ ఆపేశాడు. ఆపేసి, ఇక భయం లేదని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ప్లగ్గులు మాత్రం తీయలేదు. టెలిఫోన్ తీగ మోడెంకు అలాగే ఉంది.

పిడుగు మీ ఇంటి మీద పడలేదు, ఎక్కడో చెరువు అవతల పడింది. అయినా సరిపోయింది. రాగి తీగ స్తంభాల మీదుగా ఎంతో దూరం సాగి వస్తుంది. దగ్గరలో ఎక్కడ పిడుగు పడినా అందులో వోల్టేజీ ఒక్కసారిగా పెరిగిపోతుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మేము లైన్లకు జీడీ ట్యూబులు, అంటే గ్యాసు నింపిన చిన్న గొట్టాలు, పెట్టేవాళ్లం, ఆ దెబ్బను నేలలోకి మళ్లించడానికి. మీ ఇంటి చివర అలాంటిదేమీ లేదు. స్విచ్చి ఆపితే తెగేది ఫేజు ఒక్కటే, న్యూట్రల్, ఎర్త్ తీగలు తెగకుండా ప్లగ్గుకు అలాగే తగిలి ఉంటాయి. టెలిఫోన్ తీగలో వచ్చిన దెబ్బ మోడెంలో దూరి, లాన్ కేబుల్ పట్టుకుని కంప్యూటర్‌లోకి పోయి, ఆ ఎర్త్ దారినే నేలకు దిగింది. మదర్‌బోర్డు నల్లబడిపోయింది.

వారాంతంలో నేను వచ్చేసరికి నువ్వు ఆ చచ్చిన మోడెం ముందు కూర్చుని, దీపాలు వెలుగుతాయేమోనని స్విచ్చి వేస్తూ, తీస్తూ ఉన్నావు. మీ నాన్న నిన్ను వారించలేదు. కంప్యూటర్ పోయింది గానీ దాని అప్పు ప్రతి నెలా జీతంలోంచి కడుతూనే వచ్చాడు. ఆ సంగతి నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

ఇప్పుడు ఫైబరే కదా చిన్నాన్నా అంటావు. గాజు తీగలో కరెంటు పారదు, నిజమే. కానీ ఆ గాజు తీగ మీ గదిలోపలికి వస్తుందో, పైన డాబా మీది పెట్టె వరకే వచ్చి అక్కడి నుంచి రాగి లాన్ కేబుల్ దిగుతుందో చూడు. కొందరు కేబుల్ వాళ్లు అలాగే ఇస్తారు. రూటర్ అడాప్టర్ మాత్రం ఎలాగూ కరెంటు లైనుకే ఉంటుంది. ఒక్కసారిగా పెరిగే వోల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న పెట్టె తెచ్చుకున్నా, గోడలో ఎర్త్ లేకపోతే దాని పని అది సరిగా చేయలేదు. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్టు ఉంటుంది, వెనక ఎర్త్ తీగ ఉండదు.

దామిని యాప్ ఫోనులో పెట్టుకో. పుణె వాతావరణ శాస్త్రజ్ఞులు చేసింది, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చెబుతుంది. హెచ్చరిక రాగానే, పాఠం మధ్యలో ఉన్నా సరే, పిల్లలకు చెప్పి ప్లగ్గు తీసెయ్, లాన్ కేబుల్ కూడా తీసెయ్. మొన్న ఇంట్లో ఉరుములు వినబడుతుంటే ల్యాప్‌టాప్ చార్జింగులో పెట్టుకుని పని చేస్తున్నావు, పిలిస్తే పలకలేదు. అప్పుడు నేను కేకలేసింది ల్యాప్‌టాప్ కోసం కాదమ్మా. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లు గడిస్తే పిడుగు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. అంత దగ్గరికి వచ్చాక ఏ తీగా ముట్టుకోకు. పెట్టె పోతే పోనీ, మరొకటి కొనుక్కుందాం.

తుపాను వెలిశాక కూడా తొందరపడకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత, కరెంటు వచ్చిందన్న సంబరంలో అన్నీ ఒకేసారి పెట్టి పాడుచేసుకున్నవాళ్లను చూశాను. ముందు ఒక దీపం వేసి, వెలుగు నిలకడగా ఉందో లేదో కాసేపు చూడు.

ఆదివారం ఉదయం రైలుకు వస్తాను, టెస్టర్ తెస్తాను. ఎర్త్ లేకపోతే ఇంటి యజమానితో నేనే మాట్లాడతాను. నువ్వు అడిగితే కొత్తగా వచ్చి అప్పుడే పేచీ పెడుతోంది అనుకుంటారు. అంతవరకు రూటర్ కొన్నా బిగించకు. దాని ఖర్చు నాది, మొదటి నెల ఫీజులు రాగానే తిరిగిస్తానని అనకు.

ఆశీస్సులతో,
చిన్నాన్న
పలాస