ఫొటో సందేహాలు: కన్ను తీయకుండా తిప్పగలగాలి

ప్రశ్న: ఫోన్ వదిలి మిర్రర్‌లెస్ కెమెరా పట్టుకుని ఆరు నెలలైంది. తీరిగ్గా తీస్తే బాగానే వస్తున్నాయి. పిల్లలు ఆడుకునేటప్పుడు, ఎవరైనా ఉన్నట్టుండి నవ్వినప్పుడు మాత్రం ఏదో మార్చాలని మెనూలోకి వెళ్తాను. బయటికొచ్చేసరికి అంతా అయిపోతోంది. ఇంకా ఏం నేర్చుకోవాలి?

జవాబు: మీరు కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ, పక్కన పెట్టాల్సింది ఎక్కువ. ఫొటో తీసే ఆ నాలుగు క్షణాల్లో మీరు మార్చాల్సినవి మూడే: ఫోకస్ ఎక్కడ పడాలి, ఫొటో ఎంత వెలుగుగా రావాలి, వెనకాల ఎంత మసకబారాలి. ఈ మూడింటినీ వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా మార్చగలిగితే చాలు. ఫైలు రకం, రంగుల తీరు, వైట్ బ్యాలెన్స్ లాంటివి బయల్దేరే ముందే పెట్టుకుని మరిచిపోవచ్చు.

మోడ్ డయల్‌ని ‘ఎ’ మీద పెట్టండి: ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, వెనకాల మసకని మార్చేది) మీరు ఎంచుకుంటే, షట్టర్ వేగం కెమెరా ఎంచుకుంటుంది. కెనాన్‌లో దీన్నే ‘ఏవీ’ అంటారు. చూపుడు వేలి దగ్గరి డయల్‌కి ఎపర్చర్, బొటనవేలి దగ్గరి డయల్‌కి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగుని పెంచడం, తగ్గించడం) కేటాయించండి. ఆటో ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందనని కెమెరాయే పెంచి తగ్గించడం) ఆన్ చేసి, పై హద్దు 6400గా పెట్టండి. చాలామంది ఇక్కడితో ఆగిపోయి దెబ్బతింటారు. అదే మెనూలో ‘కనీస షట్టర్ వేగం’ అని ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఆటోలో వదిలేస్తే కెమెరా లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద రాసుండే మి.మీ. అంకెను) బట్టి వేగం ఎంచుకుంటుంది. 35 మి.మీ. లెన్స్‌కి 1/40, 1/60 సెకను దాకా దిగిపోతుంది. చేతి వణుకు వరకైతే అది సరిపోతుంది కానీ, ఎదురుగా ఉన్న పిల్లాడు పరిగెడుతున్నాడని కెమెరాకి తెలియదు కదా. నిలబడి మాట్లాడుకునే మనుషులకి 1/250, ఆడుకునే పిల్లలకి 1/500 అని మీరే చెప్పండి.

ఫోకస్ పాయింట్‌ని జాయ్‌స్టిక్‌తో జరపండి. జాయ్‌స్టిక్ లేకపోతే, వెనకున్న నాలుగు దిక్కుల బటన్ నేరుగా ఫోకస్ పాయింట్‌నే కదిలించేలా మెనూలో మార్చుకోండి. ఒక్క నొక్కుతో పాయింట్ మధ్యకి తిరిగొచ్చే ఏర్పాటు కూడా చేసుకోండి. లేకపోతే పాయింట్ ఏ మూలనో ఉండిపోయి, వెతుక్కోవడానికే సమయం పోతుంది.

ఇక సాధన. డయల్ ఒక్కో ‘టిక్కు’ సాధారణంగా స్టాప్‌లో (వెలుగు రెట్టింపో సగమో అయ్యే ఒక మెట్టు) మూడో వంతు. మూడు టిక్కులైతే ఒక స్టాప్. ఎపర్చర్‌ని ఎఫ్ 4 నుంచి ఎఫ్ 8కి మార్చడానికి ఆరు టిక్కులు. కళ్లు మూసుకుని కెమెరా పట్టుకోండి. ఎఫ్ 4 నుంచి ఆరు టిక్కులు లెక్కపెడుతూ తిప్పి, కళ్లు తెరిచి 8 పడిందో లేదో చూడండి. ఎటు తిప్పితే పెరుగుతుందో వేలికి పట్టుబడేదాకా రోజూ ఐదు నిమిషాలు చాలు. కాంపెన్సేషన్‌కీ ఇదే లెక్క. ఫ్రేము నిండా తెల్ల బట్టలుంటే రెండు మూడు టిక్కులు ప్లస్. కిటికీ ముందు నిలబడ్డ ముఖానికి మూడు నాలుగు టిక్కులు ప్లస్. చీకటి వేదిక మీద ఒక్క మనిషిపైనే లైటు పడుతుంటే మూడు నుంచి ఆరు టిక్కులు మైనస్.

మీ కెమెరాకి కేటాయించుకోదగ్గ బటన్లు ఆరున్నా సరే, మొదట్లో రెండింటికే పని చెప్పండి. ఒకసారి చెప్పాక కొన్ని నెలలపాటు మార్చకండి. వారానికోసారి మారుస్తుంటే వేలికి ఏదీ అలవాటు కాదు.

ఒక జాగ్రత్త. నిన్న సాయంత్రం పెట్టిన మైనస్ 2 ఈ పొద్దున కూడా అక్కడే ఉంటుంది. అంకెలు చెక్కిన కాంపెన్సేషన్ డయల్ అయితే బ్యాగులో ఒరుసుకుని తనంతట తానే తిరగొచ్చు కూడా. బయటికి తీయగానే దాని మీద ఓ చూపు వేయండి. పైన చెప్పిన అమరికనంతా సీ1 లేదా యు1 స్లాట్‌లో దాచుకుంటే, చాలా కెమెరాల్లో డయల్‌ని వేరే మోడ్‌కి తిప్పి మళ్లీ అక్కడికే తెస్తే దాచిన విలువలన్నీ యథాతథంగా వస్తాయి.

ప్రశ్న: షట్టర్ బటన్ నుంచి ఫోకస్‌ని విడదీసి, వెనక బొటనవేలి బటన్‌కి ఇచ్చుకోమని చాలామంది చెబుతున్నారు. నిజంగా అంత లాభమా?

జవాబు: మీరు తీసేదాన్ని బట్టి ఉంటుంది. చేసే విధానం ఇది: మెనూలో షట్టర్ బటన్ సగం నొక్కితే ఫోకస్ అయ్యే ఏర్పాటుని ఆఫ్ చేయాలి. ‘ఏఎఫ్ ఆన్’ బటన్‌కి ఆ పని ఇవ్వాలి. ఆ బటన్ లేని కెమెరాల్లో ‘ఏఈ లాక్’ బటన్‌ని వాడుకోవచ్చు. ఫోకస్ పద్ధతిని కంటిన్యువస్‌లో పెట్టాలి. ఇక బొటనవేలు నొక్కి ఉన్నంతసేపు ఫోకస్ వెంటాడుతుంది, ఎత్తగానే అక్కడే నిలిచిపోతుంది. కొమ్మ మీద కూర్చున్న పక్షి ఎగిరేదాకా కాచుకునేవాళ్లకి, ట్రైపాడ్ మీద ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లకి ఇది వరమే. మెనూ ముట్టుకోకుండానే ఫోకస్‌ని వెంటాడించడం, నిలిపేయడం రెండూ ఒకే వేలి కింద ఉంటాయి.

చిక్కులూ ఉన్నాయి. జాయ్‌స్టిక్‌ని జరిపేదీ, ఏఎఫ్ ఆన్‌ని నొక్కేదీ ఒకే బొటనవేలు. రెండూ ఒకేసారి కుదరవు. కంగారులో వెనక బటన్ మరిచి షట్టర్ నొక్కితే, చాలా కెమెరాల్లో ఫోకస్ లేకుండానే ఫొటో పడిపోతుంది. ‘మాది ఒకటి తీయండి’ అని కెమెరా ఇంకొకరి చేతికిస్తే వచ్చేది మసక బొమ్మే.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ పద్ధతికి అలవాటుపడ్డవాళ్లు మధ్య పాయింట్‌తో ఫోకస్ చేసి, వేలు తీసేసి, కెమెరాని పక్కకి తిప్పి ఫ్రేము కడుతుంటారు. దగ్గర్లో ఇది మోసం చేస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము ఫ్రేమంత సెన్సర్ ఉన్న) కెమెరా, 50 మి.మీ. లెన్స్, ఎఫ్ 1.8, మనిషి కన్ను మీటరు దూరంలో ఉందనుకోండి. ఫోకస్ చేశాక కెమెరాని 15 డిగ్రీలు తిప్పితే, స్పష్టంగా ఉండే తలం కంటికి 3 సెంటీమీటర్లకు పైగా వెనక్కి పోతుంది. ఆ దూరంలో స్పష్టత నిలిచేది ముందుకి 2, వెనక్కి 2 సెంటీమీటర్లే. అంటే కనురెప్పలు మసకై కణతల దగ్గర వెంట్రుకలు తేటగా వస్తాయి. ఎఫ్ 5.6లో మూడు మీటర్ల దూరంలో తీస్తే ఈ తేడా కనిపించదు. అందుకే చాలామంది ‘లెన్స్ బాగాలేదు’ అనుకుంటారు.

మీ కెమెరా కంటిని గుర్తుపట్టి వెంటాడేదైతే, తీసేది ఎక్కువగా మనుషుల్నే అయితే, షట్టర్ బటన్ సగం నొక్కే పాత పద్ధతిలోనే ఉండండి. బొటనవేలు ఖాళీగా ఉండటమే మీకు లాభం.

ప్రశ్న: ఏపీఎస్-సి (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాలో 50 మి.మీ. లెన్స్‌తో 1/60 దగ్గర తీసినవి సగానికి సగం మసకగా వస్తున్నాయి. చేతులు వణికే వయసేమీ కాదు. లోపం ఎక్కడుంది?

జవాబు: ముందు ఏ రకం మసకో తేల్చుకోండి. ఫొటోని కంప్యూటర్‌లో 100 శాతానికి పెంచి చూడండి. కదలని గోడ, మనిషి అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటే కెమెరా కదిలింది. గోడ తేటగా ఉండి మనిషి మాత్రమే చెరిగిపోతే మనిషి కదిలాడు. దీనికి లెన్స్‌లోని స్టెబిలైజర్ (చేతి వణుకుని సరిచేసేది) ఏమీ చేయలేదు, వేగం పెంచాల్సిందే. మనిషి మసకై అతని వెనకో ముందో మరొకటి తేటగా ఉంటే అది ఫోకస్ తప్పు.

కెమెరా కదిలిందని తేలితే, మొదట లెక్క సరిచూడండి. ఫోకల్ లెంగ్త్‌కి తలకిందుల వేగం (50 మి.మీ.కి 1/50) అన్న పాత సూత్రం ఫుల్‌ఫ్రేమ్‌కి చెప్పింది. మీ సెన్సర్‌కి 50ని 1.5తో గుణించాలి (కెనాన్ అయితే 1.6). అంటే కనీసం 1/80. స్టెబిలైజర్ లేకుండా తీసి పెద్ద తెర మీద చూసేవాళ్లయితే 1/160.

అయినా అసలు దోషి చాలాసార్లు చూపుడు వేలే. గమనించండి: వేలి కొసని నిలబెట్టి బటన్‌ని పొడిచినట్టు నొక్కితే, కెమెరా కుడివైపు ఒక వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. ఫొటోలో చిన్న లైటు చుక్కలన్నీ నిలువు గీతల్లా సాగి కనిపిస్తే ఇదే కారణమనుకోవచ్చు. వేలి మెత్తని భాగాన్ని బటన్ మీద అడ్డంగా పరచండి. దాని చుట్టూ ఉండే అంచు కూడా వేలికి తగలాలి. సగం నొక్కాక ఒక చిన్న అడ్డు తగులుతుంది. అక్కడ ఆగి, ఊపిరి సగం వదిలి, వేలిని కొద్దిగా దొర్లించినట్టు నొక్కండి. ఫొటో పడగానే వేలు ఎత్తేయకండి.

బరువంతా ఎడమ అరచేతిది. అరచెయ్యి పైకి చూస్తూ లెన్స్ కింద ఉండాలి, పక్కనుంచి పట్టుకోకూడదు. మోచేతులు పక్కటెముకలకి ఆనాలి. వ్యూఫైండర్ రబ్బరు కనుబొమకి గట్టిగా తగలాలి. రెండు చేతులకి తోడు అది మూడో ఆసరా. కుడిచేతికి బటన్లు తిప్పడం తప్ప మోసే పని ఉండకూడదు. అన్నీ చేశాక కూడా వెలుతురు చాలకపోతే, బరస్ట్‌లో (బటన్ నొక్కి ఉంచి వరసగా) మూడు తీయండి. మొదటిదానికి వేలు దిగే కుదుపు, చివరిదానికి లేచే కుదుపు ఉంటాయి కాబట్టి మధ్యది తరచూ తేటగా వస్తుంది.

మీ హద్దు ఎంతో తెలుసుకోవడానికి ఒక వార్తాపత్రిక పుటని గోడకి అంటించి 1/125, 1/60, 1/30, 1/15 దగ్గర పదేసి తీయండి. అక్షరాలు చదవగలిగినవి ఎన్నో లెక్కపెట్టండి. పదికి ఎనిమిది నిలిచే వేగమే మీ హద్దు.

ప్రశ్న: నేను ఎడమ కంటితో చూస్తాను. ముక్కు తెరకి తగిలి ఫోకస్ పాయింట్ ఎక్కడికో పారిపోతోంది.

జవాబు: వ్యూఫైండర్‌లో చూస్తున్నప్పుడు తెర మీద తాకి ఫోకస్ జరిపే ఏర్పాటు ఒకటి మెనూలో ఉంటుంది. దాన్ని ఆపేయండి. లేదా చాలా కెమెరాల్లో తెరలో కుడి సగమే పనిచేసేలా పెట్టుకోవచ్చు. వ్యూఫైండర్ పక్కనున్న డయాప్టర్ చక్రం కూడా మీ ఎడమ కంటికి సరిచేసుకోండి. దృశ్యాన్ని కాదు, అందులోని అంకెల్ని చూస్తూ అవి పదునుగా కనిపించేదాకా తిప్పాలి.

ప్రశ్న: అంకెలు చెక్కిన పాత తరహా డయల్స్ ఉన్న కెమెరా కొనాలా, మామూలు కమాండ్ డయల్స్ (అంకెల్లేని, పని మార్చుకోదగ్గ చక్రాలు) ఉన్నదా? పాత తరహావి తీసే ఆనందమే వేరంటారు.

జవాబు: ఆ మాటలో నిజం ఉంది, కానీ అది అందానికి సంబంధించినది మాత్రమే కాదు. అంకెలున్న డయల్‌కి ఒకటే పని. కెమెరా ఆపేసి ఉన్నా మీద చూస్తే ఎపర్చర్ ఎంతో, వేగం ఎంతో తెలిసిపోతుంది. కెమెరా కంటికి ఎత్తేలోపే సిద్ధం కావచ్చు.

తయారీదారులు దశాబ్దాలుగా వేలికి ఏది అందాలన్న దాని చుట్టూనే తిరిగారు. 1954 నాటి లైకా ఎం3, అంతకుముందు రెండు డయల్స్‌లో విడిపోయి ఉన్న వేగాలన్నిటినీ ఒకే డయల్‌ మీదికి తెచ్చింది. 1972లో ఒలింపస్ ఓఎం-1 (మొదట దాని పేరు ఎం-1) వేగం తిప్పే రింగుని లెన్స్ మౌంట్ చుట్టూ పెట్టింది. ఎపర్చర్, వేగం, ఫోకస్ మూడూ ఎడమచేతికే అందాయి. 1985లో మినోల్టా 7000 డయల్స్ తీసేసి నొక్కుడు బటన్లు పెట్టింది. నాలుగు అడుగులు జరపాలంటే నాలుగుసార్లు నొక్కాలి. మరుసటేడు వచ్చిన కెనాన్ టీ90 షట్టర్ బటన్ వెనకే చూపుడు వేలికి ఒక చక్రం పెట్టింది. ఈనాటి కమాండ్ డయల్ ఆ దారిలోదే. 2011లో ఫుజిఫిల్మ్ ఎక్స్100 మళ్లీ అంకెల డయల్స్‌ని తెచ్చి ఆదరణ పొందింది.

పనిలో తేడా ఇలా ఉంటుంది. అంకెల షట్టర్ డయల్ ఒక్కో టిక్కుకి పూర్తి స్టాప్ కదులుతుంది. మధ్య విలువలకి మరో చక్రం తిప్పాలి. పైనున్న ఐఎస్ఓ డయల్ తిప్పాలంటే చాలామంది కెమెరాని కంటి నుంచి దించాల్సిందే. దాచుకున్న అమరికని పిలిచినా అంకెల డయల్ తన చోటు నుంచి కదలదు కనుక, ఎండలోంచి గదిలోకి, గదిలోంచి ఎండలోకి తిరిగేవాళ్లకి అది చికాకే. వెలుతురు నిలకడగా ఉండి, ఒక లెన్స్‌తో నెమ్మదిగా తీసేవాళ్లకి అంకెల డయల్స్. వేడుకలు, ఆటలు, పక్షులు తీసేవాళ్లకి కమాండ్ డయల్స్.

కొనేముందు మీ పెద్ద లెన్స్ తగిలించి పట్టుకోండి. చిటికెన వేలికి గ్రిప్ మీద చోటు దొరకాలి. గాల్లో వేలాడితే గంటలోపే మణికట్టు నొప్పెడుతుంది.

ప్రశ్న: కెనాన్ నుంచి నికాన్‌కి మారాను. జూమ్ ఎప్పుడూ తప్పు దిక్కుకే తిప్పుతున్నాను.

జవాబు: రెండింటి జూమ్ రింగులూ ఎదురెదురు దిక్కులకి తిరుగుతాయి. ఇది మెనూలో మారేది కాదు. మార్చగలిగినవి వేరే ఉన్నాయి: కమాండ్ డయల్స్ తిరిగే దిక్కు, వెలుగు కొలత చూపే మీటర్ స్కేలులో ప్లస్ ఏ వైపుండాలన్నది. అవి పాత కెమెరాలాగే పెట్టుకుంటే జూమ్ ఒక్కటే కొత్తగా అలవాటు కావాలి. రెండు కెమెరాలూ కలిపి వాడితే మాత్రం ఎన్నాళ్లయినా తడబాటు పోదు.

ప్రశ్న: సైలెంట్ షట్టర్ పెడితే ఫొటో పడిందో లేదో తెలియడం లేదు. పైగా కొన్నిటిలో అడ్డ చారలొస్తున్నాయి.

జవాబు: ఫొటో పడినప్పుడు ఫ్రేము అంచు మెరిసేలా పెట్టే వీలు చాలా కెమెరాల్లో ఉంది. ఆన్ చేయండి. ఆ చిన్న మెరుపు లేకపోతే అవసరం లేకున్నా పదేసి నొక్కేస్తాం.

చారలకి కారణం ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని వరుస వరుసగా చదవడం. ఒకసారి మొత్తం చదవడానికి సాధారణ సెన్సర్లు పట్టే సమయంలో ఎల్ఈడీ లైట్లు చాలాసార్లు వెలిగి మసకబారతాయి. ఒక వరుసకి వెలుగు, ఇంకో వరుసకి చీకటి పడుతుంది. ఇదే కారణంగా ఊపిన బ్యాటు వంగినట్టు వస్తుంది. 50 హెర్ట్జ్ కరెంటున్న చోట 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ అయితే 1/60 లేదా 1/125 పెడితే చారలు చాలావరకు తగ్గుతాయి. అప్పటికీ పోకపోతే మెకానికల్ షట్టర్‌కి మారండి. చాలా వేగంగా చదివే సెన్సర్లకి ఈ బెడద తక్కువ. 2021లో వచ్చిన నికాన్ జెడ్ 9లో అసలు మెకానికల్ షట్టరే పెట్టలేదు. మీ కెమెరా ఆ రకం కాకపోతే సైలెంట్ షట్టర్‌ని నిశ్శబ్దం తప్పనిసరైన చోటికే ఉంచుకుని, దాన్ని ఆన్, ఆఫ్ చేయడానికి ఒక బటన్ కేటాయించండి.