నొప్పి చెప్పలేని పిల్లల నొప్పి తగ్గించాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: నాలుగేళ్ల మా తమ్ముడికి గత నెల హెర్నియా ఆపరేషన్ జరిగింది. మత్తులో ఉండగానే నడుము కింద ఒక ఇంజెక్షన్ ఇచ్చామని, లేవగానే నొప్పి తెలియదని మత్తు డాక్టరు చెప్పారు. అలాగే జరిగింది. రాత్రికి మాత్రం చాలా ఏడ్చాడు. నేను ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పిల్లల నొప్పి తగ్గించే ఈ పని నేర్చుకోవాలని ఉంది. బీఎస్సీ ఎనస్థీషియా టెక్నాలజీ సరిపోతుందా?
- ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: సరిపోదు. అది మంచి కోర్సే, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లలో పూర్తవుతుంది. అయితే మత్తు యంత్రాన్ని సరిచూడడం, మందులు, గొట్టాలు సిద్ధం చేయడం, మానిటర్‌ను గమనించడం వారి పని. సూది పట్టేదీ, మోతాదు నిర్ణయించేదీ డాక్టరే. ఇది మత్తు డాక్టరు కావడానికి దగ్గరి దారి అనుకుని చేరి, తరువాత నొచ్చుకున్న పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు కనుక ఈ మాట ముందే చెబుతున్నాను.

మీ తమ్ముడికి ఇచ్చినది బహుశా కాడల్ బ్లాక్ అయి ఉంటుంది. వెన్నెముక అడుగున ఉండే చిన్న సందు గుండా బుపివకైన్ వంటి తిమ్మిరి మందును ఎక్కిస్తే, గజ్జల నుంచి, కాళ్ల నుంచి వచ్చే నరాలు కొన్ని గంటలపాటు నొప్పి కబురు మోయవు. ఈ మందు సాధారణంగా కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు దాటకూడదు; అంటే 16 కిలోల పిల్లవాడికి 40 మిల్లీగ్రాములు మించకూడదు. పొరపాటున రక్తనాళంలోకి వెళితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టే ఆ సూది వెనుక అన్నేళ్ల చదువు ఉంటుంది.

రాత్రి ఏడుపు సంగతి. బ్లాక్ దిగిపోయాక నొప్పి మొదలవుతుంది. అది దిగకముందే పారాసిటమాల్ వంటి మందు పడాలి, ఆ తరువాత కూడా అడిగినప్పుడు కాక, వేళ ప్రకారం పడుతూ ఉండాలి. ఆ వేళను కాపాడేది నర్సు. మాటలు సరిగా రాని పిల్లల విషయంలో ఆమె ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదార్పు అనే ఐదింటిని చూసి ఒక్కొక్కదానికి 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తుంది. కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటే 2. ఎత్తుకుంటే ఊరుకుంటే 1, ఎత్తుకున్నా ఊరుకోకపోతే 2. మొత్తం పదికి ఎంత వచ్చిందో చూసి, తరువాతి మందు గురించి డాక్టరుతో మాట్లాడుతుంది. ఫ్లాక్ అనే ఈ పద్ధతి 1997లో అమెరికాలోని మిషిగన్‌లో రూపొందింది. ఆకలి ఏడుపునూ, భయం ఏడుపునూ, నొప్పి ఏడుపునూ వేరుచేయడం ఈ రంగంలో అన్నిటికంటే కష్టమైన పని అని నా అభిప్రాయం.

పసికందులకు నొప్పి అంతగా తెలియదని వైద్యులే నమ్మిన రోజులు ఎంతో దూరం కావు. భారత సంతతికి చెందిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ ఆక్స్‌ఫర్డ్‌లో, నెలలు నిండకుండా పుట్టిన శిశువుల రక్తంలోని ఒత్తిడి హార్మోన్లను కొలిచి, ఆపరేషన్ వేళ ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చిన శిశువులకు ఆ ఒత్తిడి తక్కువగా ఉందని 1987లో లాన్సెట్ వైద్య పత్రికలో చూపించారు. నోరులేని రోగి నొప్పిని కొలవడమే అక్కడ కూడా అసలు పని.

ఇక దారులు. బ్లాక్ ఇచ్చే చేయి కావాలనుకుంటే నీట్ రాసి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, మూడేళ్ల ఎండీ ఎనస్థీషియాలజీ పూర్తి చేయాలి. పిల్లలకే పరిమితం కావాలంటే ఎండీ తరువాత చదివే మరో మూడేళ్ల డీఎం కోర్సు ఉంది, సీట్లు తక్కువ. ఎండీతోనే ఆగి, పిల్లల ఆసుపత్రిలో చేరి అనుభవంతో నేర్చుకున్నవారు కూడా ఎందరో ఉన్నారు. అలా కాక, రాత్రంతా మంచం పక్కన ఉండి మార్కులు వేసే మనిషి మీకు నచ్చి ఉంటే, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, ఆపై ఎంఎస్సీలో పిల్లల నర్సింగ్ తీసుకోండి. నర్సింగ్‌ను నీట్ రానివారి గతిగా చూసే అలవాటు మన ఇళ్లలో ఉంది. నేను దానితో ఏకీభవించను.

ఈ ఏడాది నీట్ రాయండి. సీటు రాకపోతే ఒక్కసారి లాంగ్‌టర్మ్‌కు వెళ్లవచ్చు. రెండోసారి కూడా రాకపోతే మూడో ఏడాది కోసం ఆగకుండా నర్సింగ్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి.