మూడేళ్ల పిల్లలకు పర్యావరణం గురించి ఏం నేర్పాలి?

"ప్లే స్కూల్లో మూడు నుంచి అయిదేళ్ల పిల్లలున్నారు. జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి చార్టులు, చెట్టు వేషాలు తప్ప ఇంకేం చేయించవచ్చు?" అని అడిగారు. నేను 14 ఏళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌ని. ఆ వయసుకి "భూమిని కాపాడాలి" అన్న మాట ఎక్కదండి, రోజూ చేసే పని ఎక్కుతుంది. థర్మకోల్ భూగోళం మాత్రం వద్దే వద్దు. అది మట్టిలో కలవదు, పైగా అలంకరణకి థర్మకోల్ వాడటం 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం.

మా దగ్గర చేతులు కడిగే నీళ్లతో మొదలైంది. భోజనం ముందు పాతిక మంది కుళాయి దగ్గర చేరితే గుమ్మం ముందంతా బురదే. చిన్న కాలువ తీసి ఆ నీళ్లని అరటి మొదలుకి మళ్లించాం. సబ్బు నీళ్లు ఆకుకూరలకి వద్దు. మడికి మాత్రం సాయంత్రం పిల్లల సీసాల్లో మిగిలిన మంచినీళ్లు పోయిస్తాను. మొదట్లో చెంబులిచ్చాను. తలో చెంబూ గుమ్మరించేసరికి తోటకూర నారు కుళ్లిపోయింది. ఇప్పుడు చిన్న స్టీలు గ్లాసు, మనిషికి ఒక్కటే.

త్వరగా మొలిచేవి వేయండి. మెంతులు మూడు నాలుగు రోజుల్లో కనిపిస్తాయి, తోటకూర నెలకల్లా కోతకొస్తుంది. వేరు చూద్దామని మొక్కలు పీకుతారు, కసరకండి. తడిగుడ్డలో పెసలు మొలకెత్తించి చూపించాక మా పిల్లల్లో ఆ పీకడం తగ్గింది.

కంపోస్టు గుంత దగ్గర తప్పు నాదే. మిగిలిన అన్నం, పప్పు అందులో వేయించాను. వారం తిరక్కుండానే వాసన, ఈగలు, ఎలుకలు. తల్లులు గొడవపెట్టారు, వాళ్ల మాట న్యాయమే. ఇప్పుడు వండినదంతా పక్కింటి గేదె కుడితి తొట్టిలోకి పోతుంది. గుంతలోకి కూరగాయల తొక్కలు, పైన మందంగా ఎండుటాకులు. ఉడికించిన గుడ్ల పెంకులు ఎండబెడితే పిల్లలే రాయితో నూరుతారు. ఆ పని కోసం పోట్లాడుకుంటారు!

ఆవరణలో గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం ఉంటే ముందు తీయించండి. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు, అవన్నీ విషం. చెత్తతో బొమ్మలంటూ సీసా మూతలు, గుండీలు కూడా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. కొబ్బరి చిప్పలు, తాటికాయల బండి చాలు.

మొదటి ఏడాది వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు లేక మడంతా ఎండిపోయింది. అందుకే ఏప్రిల్‌లో కొత్తగా ఏమీ వేయం. నాలుగు తోటకూర మొక్కల్ని విత్తనానికి వదిలి, గింజలు బూడిదలో కలిపి పొట్లం కడతాం. జూన్‌లో పిల్లలు రాగానే మొదట విప్పేది ఆ పొట్లమే.